మధ్యాహ్నం బాగున్న చెరువులో తెల్లారేసరికి చేపలెందుకు తేలుతున్నాయి?

చేపల చావుల గురించి మీరు రాసినదాంట్లో పనికొచ్చే ముక్కలు ఇవి. చంద్రగిరి, పాకాల మధ్య పదెకరాల ఊరి చెరువు. కార్తీకం వానలకు నిండింది. శివరాత్రి దాటాక నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. మొన్న రెండు రోజులు మబ్బు పట్టింది, మూడో రోజు తెల్లారి కట్ట పొడవునా బొచ్చె (కట్లా) చేపలు తేలాయి. మిగతా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గాలం వేసేవాళ్లకు పదిహేను రోజులుగా ఒక్కటీ పడలేదు. మధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ 9 పీపీఎం (లీటరు నీళ్లకు 9 మిల్లీగ్రాములు) చూపించింది, అందుకే ఎవరైనా మందు కలిపారేమోనని మీ అనుమానం. సున్నం చల్లమని ఒకరు, పర్మాంగనేటు వేయమని ఇంకొకరు అంటున్నారు. ఈ చేపలు తినొచ్చా అని కూడా అడిగారు.

మీటరు తప్పు చెప్పలేదు, చూసిన వేళ తప్పు. పచ్చటి చెరువు మధ్యాహ్నం మూడింటికి ఒక చెరువు, తెల్లవారుజామున అయిదింటికి ఇంకో చెరువు. ఎండ ఉన్నంతసేపూ ఆ పచ్చదనమే, అంటే కంటికి కనిపించని నాచే, ఆక్సిజన్ పుట్టిస్తుంది. పొద్దు గూకాక పుట్టించడం ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. రాత్రంతా నాచు, బురదలోని సూక్ష్మజీవులు, చేపలు, మూడూ కలిసి పగటి నిల్వను తింటాయి. 30 డిగ్రీల నీళ్లు గాలి నుంచి తీసుకుని నిలబెట్టుకోగలిగేది సుమారు 7.5 పీపీఎం. మధ్యాహ్నం 9 ఉందంటే అది ఆరోగ్యం కాదు, నాచు మోతాదు మించిందని చెప్పే గుర్తు. పైన ఎంత ఎక్కితే తెల్లారికి అంత లోతుకు దిగుతుంది. మబ్బు రోజుల్లో పగటి సంపాదన సగానికి పడిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం అంతే. అందుకే రెండు రోజుల మబ్బు తర్వాత మూడో తెల్లారి చావులు.

మందు అనుమానం తీర్చుకోవాలంటే ఏయే చేపలు చచ్చాయో చూడండి. ఆక్సిజన్ తగ్గితే ముందు సిల్వర్ కార్ప్, బొచ్చె పోతాయి, తర్వాత శీలావతి (రోహు), ఆ తర్వాత ఎర్రమోసు (మృగాల). ఒకే జాతిలో పెద్దవి ముందు, పిల్లలు తర్వాత. కొరమీను, మార్పు, ఇంగిలాయి చేపలు పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకునే రకాలు కాబట్టి బతికే ఉంటాయి. జిలేబి (తిలాపియా) కూడా చాలాసేపు తట్టుకుంటుంది. అదే పురుగుమందైతే ఈ వరస ఉండదు. కొరమీను, పరిగె, నీటిపురుగులు, చిన్న రొయ్య అన్నీ కలిసి పోతాయి, వేళాపాళా ఉండదు, పట్టపగలే గిరగిరా తిరిగి పడతాయి. తెల్లవారుజామున నత్తలు రాళ్లపైకి ఎక్కి, రొయ్యలు ఒడ్డు వెంబడి మూగి కనిపించాయంటే ఇక సందేహం అక్కర్లేదు, అది ఆక్సిజన్ లోటే. రోజుకు నాలుగైదు చొప్పున, ఒంటిమీద ఎర్ర మచ్చలతో, పుండ్లతో పోతుంటే అది రోగం, దాని దారి వేరు. మీరు బొచ్చెలు తేలాయన్నారు, కొరమీను గురించి ఏమీ రాయలేదు. చచ్చినవాటిలో అది లేకపోతే ఎవరినీ అనుమానించకండి.

ఇక కొలవడం. ముందు నీళ్లెన్ని ఉన్నాయో తెలియాలి, లేకపోతే ఏది ఎంత వేయాలన్నా గుడ్డి లెక్కే. ఊరి చెరువు గిన్నెలా ఉంటుంది కాబట్టి తూము దగ్గరి లోతులో పదింట నాలుగు వంతులను సగటు లోతు అనుకోవచ్చు. తూము దగ్గర 3 మీటర్లుంటే సగటు 1.2 మీటర్లు. ఎకరాకు మీటరు లోతు నీళ్లంటే సుమారు 40 లక్షల లీటర్లు, అందులో 1 పీపీఎం కలపాలంటే 4 కిలోల సరుకు కావాలి. పదెకరాలు నిండుగా ఉంటే దాదాపు 4.8 కోట్ల లీటర్లు. ఎండలకు అదే చెరువు నాలుగెకరాలకు, తూము దగ్గర మీటరున్నరకు కుంచించుకుపోతే 97 లక్షల లీటర్లే మిగులుతాయి. చేపలు అవే, బరువు పెరిగి ఉంటాయి, నీళ్లు మాత్రం అయిదో వంతు. శివరాత్రి దాటాక చావులు మొదలవడానికి సగం కారణం ఈ లెక్కలోనే ఉంది.

పచ్చదనం కొలవడానికి 20 సెంటీమీటర్ల వెడల్పు రేకు బిళ్ల చాలు. నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకు నలుపు, తెలుపు రంగు వేసి, కింద ఒక బరువైన నట్టు బిగించి, 10 సెంటీమీటర్లకొక ముడి ఉన్న తాడు కట్టండి. ఉదయం పది, మధ్యాహ్నం రెండింటి మధ్య నీడ పక్కన దించాలి. కనబడకుండా పోయిన లోతు, మళ్లీ పైకి లాగితే కనిపించిన లోతు, రెంటి సగటు తీసుకోవాలి. 30 నుంచి 40 సెంటీమీటర్లుంటే చేపకు మేతా ఉంది, ప్రమాదమూ లేదు. 20కి దిగితే ఆ రోజు నుంచి పేడ, తవుడు, చెక్క అన్నీ బంద్. 60 దాటితే నీళ్లలో పస లేనట్టు, వెలుతురు అడుగుకు చేరి కలుపు లేస్తుంది. కానీ ఎర్ర నీళ్లలో ఈ బిళ్ల మోసం చేస్తుంది. గాజు గ్లాసులో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారికి అడుగున ఎర్రగా పేరుకుంటే మట్టి. పచ్చదనం అలాగే ఉండిపోయినా, పైకి తేలినా నాచు.

పైకి తేలిందంటే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. గాలివాలు ఒడ్డున ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడితే, అందులో కట్టెపుల్ల ముంచి తీయండి. పుల్లకు వెంట్రుకల్లా పోగులు వేలాడితే అది మామూలు పాచి. పెయింటులో ముంచినట్టు పుల్లంతా పూత పడితే అది నీలాకుపచ్చ నాచు. అందులో కొన్ని రకాలు విషం విడుస్తాయి. ఆ ఒడ్డున గొడ్లను నీళ్లకు దింపకండి, పిల్లల్ని ఈతకు పంపకండి.

ఆక్సిజన్‌కు మీటరే ఉండాలని లేదు, నెల్లూరు వైపు రొయ్యల మందుల అంగళ్లలో దొరికే చుక్కల కిట్టు చాలు. సీసా నిండా, ఒక్క బుడగ కూడా మిగలకుండా నీళ్లు పట్టి, మొదటి రెండు మందులు వేసి మూత పెట్టి తిరగేయండి. మడ్డి దిగుతుంది. ఆ మడ్డి రంగే సగం సంగతి చెప్పేస్తుంది: ముదురు గోధుమ రంగైతే ఆక్సిజన్ బాగున్నట్టు, లేత పసుపైతే తక్కువ, పాలలా తెల్లగా ఉంటే అసలు లేనట్టే. తర్వాత ఆమ్లం, గంజి చుక్కలు వేసి, నీలం పోయేదాకా ఆఖరి మందు చుక్కలు లెక్కపెట్టడం ఎంత ఉందో అంకె తెలియడానికి. అడుగు నీళ్లు కావాలంటే సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే తాడు కట్టి దించి, అడుగున బిరడా గుంజండి. లోపలికి నీళ్లు పోయేటప్పుడు బుడగలొస్తాయి, వాటివల్ల కొంత గాలి కలిసి అంకె నిజం కంటే ఎక్కువే చూపిస్తుంది. కాబట్టి అడుగున 1 చూపిందంటే అసలు అంతకంటే తక్కువే అనుకోవాలి.

కొలవాల్సిన వేళ సూర్యుడు రాకముందు, నాలుగున్నర, అయిదున్నర మధ్య. తూము దగ్గర, నడిమధ్య, వంక వచ్చి కలిసేచోట, మూడు చోట్లా చూడండి. సుమారుగా 5 ఉంటే నిశ్చింత. 3కి దిగితే చేప మేత ముట్టదు. 2కు దిగితే పైకొచ్చి నోరు తెరుస్తుంది. 1 దగ్గర బొచ్చె నిలవదు. రోజూ ఆ వేళకు లేవలేమంటే ఒక ఉపాయం ఉంది. పొద్దు గూకినప్పుడు ఒకసారి, మూడు గంటల తర్వాత ఒకసారి కొలవండి. ఆరింటికి 9, తొమ్మిదింటికి 7.2 ఉంటే గంటకు 0.6 చొప్పున తగ్గుతున్నట్టు. తెల్లవారుజాము అయిదుకు ఇంకా ఎనిమిది గంటలు, అంటే 4.8 పోయి 2.4 మిగులుతుంది. ఇంజను సిద్ధం చేసుకోవాల్సిన రాత్రి అది.

ఆ రాత్రి పని ఎలాగంటే, పదెకరాల చెరువు మొత్తానికి గాలి ఎక్కించడం ఎవరి తరమూ కాదు. ఒక మూల బాగుచేస్తే చేపలే అక్కడికి చేరుతాయి. 5 హెచ్‌పీ డీజిల్ ఇంజనుతో చెరువు నీళ్లనే తోడి, ఒడ్డున ఎత్తుగా పెట్టిన చిల్లుల రేకు మీదుగా జల్లులా పడేలా తిరిగి చెరువులోకే వదలండి. నీళ్లు ఎంత చిన్న చుక్కలుగా విరిగితే అంత గాలి పడుతుంది, పైపు నేరుగా నీళ్లలో ముంచి వదిలితే డీజిల్ దండగ. ఫుట్‌వాల్వు (నీళ్లు పీల్చే పైపు కింది కొన) పైనుంచి రెండు మూడు అడుగుల లోతులో వేలాడాలి, అడుగుకు వదిలితే నల్ల బురద, దాంతోపాటు కుళ్లిన గుడ్డు వాసన వాయువు పైకొచ్చి ఉన్న చేపలు కూడా పోతాయి. రాత్రి పదకొండుకే మొదలుపెట్టాలి. చేపలు నోళ్లు తెరిచాక మొదలుపెట్టిన ఇంజను సగం ఆలస్యమైనట్టే. ఎండ బాగా ఎక్కేదాకా, ఎనిమిది దాకా నడపండి. బోరు నీళ్లు కలిపితే మంచిదే గానీ, భూమిలోంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి వాటినీ రేకు మీదుగానే వదలాలి. చేపలు ఆయాసపడుతున్నప్పుడు వల లాగకండి, బురద లేస్తుంది. చచ్చినవాటిని వెంటనే ఏరి దూరంగా గుంట తీసి పాతిపెట్టాలి, నీళ్లలో వదిలేస్తే అవి కుళ్లడానికి కూడా ఆక్సిజనే కావాలి.

ఇప్పుడు సున్నం సంగతి. పచ్చటి నీళ్లలో సాయంత్రానికి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 9 దాకా ఎక్కడం మామూలే. ఆ నీళ్లలో చేపల రెట్ట, కుళ్లు వల్ల అమ్మోనియా ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.5 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం వందకు రెండున్నర వంతులే. పీహెచ్ 9 అయితే వందకు 45 వంతులు. అంటే కిట్టులో మొత్తం 2 పీపీఎం చూపితే, మొదటి సందర్భంలో విషం 0.05, రెండో సందర్భంలో 0.9. అమ్మోనియా అంతే ఉంది, పీహెచ్ మారిందంతే. ఆ స్థితిలో కాల్చిన సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పైకి తోస్తారు, తెల్లారికి కొరమీను కూడా తేలుతుంది. సున్నం చెడ్డదని కాదు. చెరువు ఎండినప్పుడు, లేదా తెల్లారి పీహెచ్ 7 కంటే దిగువన ఉన్నప్పుడు కాల్చని సున్నపురాయి పొడి మంచి మందు. మీకిప్పుడు దాని అవసరం లేదు.

పర్మాంగనేటు నీళ్లకు ఆక్సిజన్ ఇస్తుందన్నది పాతుకుపోయిన అపోహ. లెక్క వేయండి: 2 పీపీఎం కావాలంటే నిండు చెరువుకు 97 కిలోలు. పచ్చటి నీళ్లలో అది నాచును, బురదను కాల్చడానికే చెల్లిపోయి గంటల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది. చచ్చిన నాచు కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. మైలుతుత్తం ఇంకా ఘోరం, నాచు మొత్తం ఒక్కపూటలో చస్తుంది, ఆ రాత్రే అసలు చావులు. పైగా ఆయకట్టుకు, గొడ్లకు వాడే నీళ్లు. ఎవరు ఏ సంచి తెచ్చినా ముందు తెల్లవారుజాము అంకె అడగండి.

చైత్రం, వైశాఖంలో ఇంకో ప్రమాదం ఉంది. ఎండకు పై నీళ్లు వేడెక్కి తేలికై, తూము దగ్గర లోతులో చల్లటి నీళ్లు కదలకుండా పడి ఉంటాయి. ఆ అడుగు నీళ్లలో ఆక్సిజన్ ఉండదు. మామిడి కాపు మీద సాయంత్రంపూట వచ్చే గాలివానకు పై నీళ్లు చల్లబడి దిగి, అడుగు నీళ్లు లేచి మొత్తం కలిసిపోతాయి. పచ్చగా ఉన్న చెరువు ఒక్కసారిగా గోధుమ, బూడిద రంగుకు తిరిగి వాసన వేస్తే అదే. మధ్యాహ్నం ఉక్కపోసి, సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే ఆ రాత్రి ఇంజను దగ్గర మనిషి ఉండాలి.

గాలం సంగతి కూడా ఇదే అంకెతో తేలుతుంది. "తెల్లారుజామునే చేప పడుతుంది" అన్నది తేట నీళ్ల చెరువుకు, మార్గశిర పుష్యాలకు చెల్లే మాట. మీ చెరువులో ఇప్పుడు తెల్లారి చేపకు ఊపిరే కష్టం, ఎర్రను (వానపామును) ఎక్కడ ముడుతుంది? ఎండ ఎక్కి ఆక్సిజన్ 4 దాటాక, అంటే ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా వేయండి. సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దు గూకేదాకా ఇంకో వేళ. అడుగున గాలం పడేయడం రెండో తప్పు. ఎర్రమోసు, బంగారుతీగ మామూలుగా అడుగునే మేస్తాయి, నిజమే, కానీ అడుగున ఊపిరి లేకపోతే అవీ పైకి జరుగుతాయి. గాలానికి అంటిన బురద నల్లగా ఉండి కుళ్లు వాసన వేస్తే బెండు కిందికి జరిపి, గాలం మూడు నాలుగు అడుగుల లోతులోనే వేలాడేలా చూసుకోండి. లేదా తూము దగ్గర వదిలేసి, వంక వచ్చే వైపు మెరకలో, నడుములోతు నీళ్లలో వేయండి.

గాలి ఎటు కొడుతుందో చూసి నిలబడాలి. అలలు తగిలే ఒడ్డున గాలి కలుస్తుంది, మేత కూడా అక్కడికే కొట్టుకొస్తుంది, చేప అక్కడే ఉంటుంది. ఆ ఒడ్డున పెయింటు తెట్టు కట్టి ఉంటే మాత్రం ఎదురు ఒడ్డుకు పోండి. బొచ్చెకు తవుడు, చెనిక్కాయ చెక్క రెండు పాళ్లు ఒక పాలుగా కలిపి, నీళ్లలో అయిదారు నిమిషాల్లో విడిపోయేంత మెత్తటి ముద్ద కావాలి. గట్టి ముద్ద కట్టేది కొత్తవాళ్లు. బొచ్చె కొరకదు, పొగలా లేచే పిండిని నోటితో లాక్కుంటుంది, గాలం ఆ పొగలో ఉండాలి. శీలావతికి అదే ముద్ద కొంచెం కిందికి. జిలేబికి, బంగారుతీగకు ఎర్ర. కొరమీనుకు ఒడ్డున తుంగ అంచుల్లో బతికున్న చిన్న పరిగె. తొలకరి దాటాక ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన ఉడుకుతున్నట్టు కదులుతుంటే ఆ కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఏది వేసినా ఎగిరి పట్టుకుంటాయి గనక పట్టడం సులువే, కానీ పట్టారంటే ఆ గుంపు మొత్తం పూటలో మిగతా చేపల పాలవుతుంది. వదిలేయండి.

తినొచ్చా అని అడిగారు. నోరు తెరుస్తూ ప్రాణంతో దొరికినదాన్ని, కారణం ఆక్సిజనే అని తేలితే, తినొచ్చు. తెల్లారి తేలి కనిపించినది ఎప్పుడు చచ్చిందో తెలియదు, ఈ వేడికి రెండు మూడు గంటల్లో పాడవుతుంది, వద్దు. పెయింటు తెట్టు ఉన్న చెరువు చేపైతే కాలేయం, పేగులు ముట్టకుండా తీసేసి కండ మాత్రమే వాడాలి, తెట్టు ఎక్కువున్న రోజుల్లో మానేస్తే ఇంకా మేలు. మట్టి వాసన వేరే సంగతి. అది జియోస్మిన్ అనే పదార్థం, నాచు నుంచీ బురదలోని సూక్ష్మజీవుల నుంచీ వచ్చి చేప కండలో చేరుతుంది. ప్రాణంతో ఉన్న చేపను మేత లేకుండా మంచి నీళ్ల తొట్టిలో వారం, పది రోజులు ఉంచితే తగ్గుతుంది. పులుపు తగిలితే కూడా అది విరిగిపోతుంది. చెరువు చేపకు మన వైపు వేపుడు కంటే చింతపండు పులుసే నప్పడానికి నాలుక ఒక్కటే కారణం కాదు.

ఇప్పటికి మిగిలిన చేపలో సగాన్ని, మబ్బు లేని రోజు చూసి, పొద్దున తొమ్మిది దాటాక వల వేసి తీసేయండి. ధర తక్కువైనా పర్వాలేదు, మిగతా సగం బతుకుతుంది. వచ్చే ఏడాది లెక్క మార్చుకోవాలి: మీది అయిదారు నెలల చెరువు. వేలెడు పిల్లలు కాకుండా నూరు గ్రాములు దాటిన ఏడాది పిల్లలు, ఎకరాకు 400 నుంచి 800 లోపు, బొచ్చె నాలుగు పాళ్లు, శీలావతి మూడు, ఎర్రమోసు మూడు. మార్చి ఆఖరుకల్లా పట్టుబడి అయిపోవాలి. ఊరి మురుగు కాలువ చెరువులో నేరుగా కలుస్తుంటే, కలిసేచోట ఒక గుంట తీసి తుంగ పెంచి, నీళ్లు అక్కడ ఆగి వడగట్టుకుని వచ్చేలా చేయండి. ఎండాకాలం పూడిక తీస్తే ఆ మట్టి పొలాలకు బలం, చెరువుకు లోతు. అయితే కట్ట పాదం దగ్గర మాత్రం తవ్వనివ్వకండి.

మొరవకు (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే అలుగుకు) జాలీ కట్టడం గురించి కూడా ఒక మాట. కొత్త నీళ్లు మొరవ దుమికితే చేప కూడా వాటితోపాటే దిగువకు దూకి పోతుంది, నిజమే. కానీ సన్న కన్ను వల అడ్డం కడితే కంప, ఆకు, గుర్రపుడెక్క కొట్టుకొచ్చి గంటలో మూసుకుపోతుంది, నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకై దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి ఈ వైపు అందరికీ తెలుసు. కట్టాలంటే వెదురు దబ్బలతో, వేలు దూరేంత సందులతో, నీళ్ల వైపు ఏటవాలుగా కట్టండి, చెత్త పైకి జారి లాగేయడానికి వీలుంటుంది. ఒక మనిషి కొడవలితో అక్కడే ఉండాలి, నీళ్లు దబ్బల పైఅంచుకు జానెడు దిగువకు వచ్చాయంటే చేపల సంగతి చూడకుండా కట్లు కోసేయాలి.